చోటు ఉమ్మడి, తాళం ఎవరిది వాళ్లది

కాగితం పోవడం వేరు, ఉండీ చేతికి అందకపోవడం వేరు. మన ఇళ్లలో రెండోదే ఎక్కువ. ఆరోగ్య బీమా పాలసీ ఉంటుంది. దాని కాపీ మాత్రం నాన్నగారి ఫోన్‌లో ఉంటుంది. ఆ నాన్నగారే ఆస్పత్రి మంచం మీద ఉంటారు, ఆ ఫోన్ ఎలా తెరవాలో ఆయనకొక్కరికే తెలుసు. ఇంటి దస్తావేజు స్కాన్ చేయించిన మాట నిజమే, కానీ అది పెద్దబ్బాయి పాత లాప్‌టాప్‌లో ఉంది. ఆ లాప్‌టాప్ ఎప్పుడో మూలపడింది. మనవరాలి అన్నప్రాశన ఫోటోలు వాట్సాప్ గ్రూపులో వచ్చాయి. అప్పుడు డౌన్‌లోడ్ చేయకుండా వదిలేసిన ఫోటో ఇప్పుడు నొక్కితే తెరుచుకోదు, పంపినవాళ్లనే మళ్లీ అడగాలి.

ఇంటి వ్యవహారాలన్నీ ఒక్కరే చూసుకోవడం మనకు అలవాటు. ఆ ఒక్కరికీ అది బాధ్యత, కొంత గర్వం కూడా. మిగతావాళ్లకు అది సుఖం. కానీ ఆ ఒక్కరూ అందుబాటులో లేని రోజున ఇల్లంతా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. క్లౌడ్ స్టోరేజీని సరిగ్గా పంచుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అలాగని అందరూ అన్నీ చూసేలా తెరిచి పెట్టేస్తే కొత్త తలనొప్పులు మొదలవుతాయి. ఎక్కడ కలవాలో, ఎక్కడ విడిగా ఉండాలో తెలుసుకోవడమే ఈ అధ్యాయం.

మూడు పనులు, మూడు నిర్ణయాలు

"డ్రైవ్ షేర్ చేశాను" అని ఎవరైనా అంటే, వెంటనే అడగాల్సిన ప్రశ్న: ఏం షేర్ చేశారు? చోటా, ఫైలా, ఖాతానా? చాలామంది ఈ మూడింటినీ ఒకటే అనుకుంటారు, సగం గొడవలు అక్కడే పుడతాయి.

ఉమ్మడి ఇంట్లో ఇల్లు అందరిదీ, బీరువా తాళం మాత్రం ఎవరిది వాళ్లది. క్లౌడ్‌లోనూ అంతే. కొనుక్కున్న చోటు అందరూ వాడుకోవచ్చు. ఫైళ్లలో అవసరమైనవి, అవసరమైనవాళ్లకే చూపించాలి. ఖాతా, అంటే ఈమెయిలూ దాని పాస్‌వర్డూ, ఎవరితోనూ పంచుకోకూడదు. భార్యాభర్తలైనా సరే, తల్లీకొడుకులైనా సరే.

చోటు పంచుకోవడం

ఇది మూడింటిలోకీ సులువైన పని. గూగుల్ ఖాతా తెరిచిన ప్రతి ఒక్కరికీ 15 జీబీ ఉచితం. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ ఆ 15 జీబీలోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 వరకు కాస్త నాణ్యత తగ్గించిన ఫోటోలను గూగుల్ లెక్కలోకి తీసుకునేది కాదు, ఆ రోజు నుంచి తీసుకుంటోంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ చాట్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఇదే ఖాతాలో పడుతోంది. అందుకే ఒకప్పుడు ఊసే లేని "స్టోరేజ్ ఫుల్" హెచ్చరిక ఇప్పుడు అందరి ఫోన్లలోనూ కనిపిస్తోంది. ఐఫోన్‌వాళ్లకు ఐక్లౌడ్‌లో ఉచితంగా దొరికేది 5 జీబీయే.

ఇంట్లో ఒకరు గూగుల్ వన్ ప్లాన్ కొంటే, ఫ్యామిలీ గ్రూపు పెట్టి మరో అయిదుగురిని చేర్చుకోవచ్చు. అంటే మొత్తం ఆరుగురు. ముందు ఎవరి ఉచిత 15 జీబీ వాళ్లు వాడుకుంటారు, అది నిండాక ఉమ్మడి చోటులోకి వస్తారు. ఐక్లౌడ్ ప్లస్‌లోనూ కొన్నవాళ్లు కాక ఇంకో అయిదుగురు చేరవచ్చు. మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ పద్ధతి కాస్త వేరు. ఆరుగురి వరకు ఒక్కొక్కరికి విడిగా 1 టీబీ ఇస్తుంది, ఒకరి వాటా ఇంకొకరు తినేయడం ఉండదు. ఇంట్లో కొన్ని ఐఫోన్లు, కొన్ని ఆండ్రాయిడ్లు ఉంటే అన్నిటిలోనూ ఇబ్బంది లేకుండా నడిచేది చూసుకోండి. నాన్నగారిది ఆండ్రాయిడ్ ఫోనైతే ఐక్లౌడ్ ప్లాన్ వల్ల ఆయనకు ఒరిగేది తక్కువ.

చోటు పంచుకున్నంత మాత్రాన ఎవరి ఫోటోలూ ఇంకొకరికి కనబడవు. ఎవరు ఎంత వాడుతున్నారో తెలుస్తుంది, ఏం దాచుకున్నారో తెలియదు. ఈ మాట ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. కాలేజీలో చదివే పిల్లలు ఫ్యామిలీ ప్లాన్‌లో చేరమంటే మొహం చిట్లించేది ఈ అనుమానంతోనే.

ఇక మన తెలుగు కుటుంబాలు తప్పకుండా తెలుసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో ఉండేవాళ్లంతా ఒకే దేశంలో ఉండాలి. డాలస్‌లో ఉన్న కూతురు ఎంత పెద్ద ప్లాన్ కొన్నా, గుంటూరులో ఉన్న అమ్మానాన్నలను అందులో చేర్చుకోలేదు. అలాంటప్పుడు ఇండియాలో ఉన్నవాళ్లలో ఒకరు గ్రూపు నడపాలి, డబ్బులు కావాలంటే కూతురు పంపవచ్చు. ఫైళ్లు చూపించడానికి మాత్రం ఈ సరిహద్దు అడ్డు రాదు. గుంటూరు ఫోల్డరు డాలస్‌లోనూ తెరుచుకుంటుంది.

గ్రూపు నడిపేవాళ్లను చూసి ఎంచుకోండి. బాగా సంపాదించేవాళ్లు కానక్కర్లేదు, కట్టాల్సిన తేదీ మరిచిపోనివాళ్లయితే చాలు. కార్డు గడువు తీరి ప్లాన్ ఆగిపోతే, ఉచిత పరిమితి దాటినవాళ్లందరి అప్‌లోడ్లూ ఆగిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు, జీమెయిల్‌కు ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంటు రాలేదేమిటా అని నాన్నగారు వెతుక్కుంటూ ఉంటారు, కారణం పెద్దబ్బాయి కార్డు. పరిమితి దాటిన స్థితిలోనే రెండేళ్లు ఉండిపోతే దాచుకున్నవి తీసేసే హక్కు కూడా గూగుల్‌కు ఉంది. ఇంకొక మాట: ఒక గ్రూపులోంచి మరో గ్రూపుకు పన్నెండు నెలల్లో ఒక్కసారే మారనిస్తారు. కొత్తగా పెళ్లయినవాళ్లు పుట్టింటి గ్రూపులో ఉండాలో, తమ గ్రూపు పెట్టుకోవాలో తేల్చుకున్నాకే మారడం మంచిది.

ఫైళ్లు పంచుకోవడం

అసలైన ఆలోచన కావాల్సింది ఇక్కడ. ఇల్లంతటికీ కలిపి ఒకే పెద్ద ఫోల్డరు పెట్టి అందులో అన్నీ కుమ్మరించకండి. చూడాల్సినవాళ్లు ఎవరన్న దాన్ని బట్టి విడదీయండి. చాలా ఇళ్లకు నాలుగు సరిపోతాయి.

మొదటిది ఆరోగ్యం: పాలసీ కాపీలు, ఇన్సూరెన్స్ కార్డులు, డిశ్చార్జి సమ్మరీలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. రెండోది ఇల్లూ పొలమూ: సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదులు. మూడోది గుర్తింపు పత్రాలు, సర్టిఫికెట్లు. నాలుగోది బిల్లులు, వారంటీలు: ఫ్రిజ్, ఇన్వర్టర్, బండి సర్వీసు.

నాలుగో ఫోల్డరు ఎవరు చూసినా నష్టం లేదు. మొదటిది అలా కాదు. రిపోర్టు అమ్మది, దాన్ని ఎవరు చూడాలో చెప్పే హక్కు కూడా అమ్మదే. "అమ్మా, నీ రిపోర్టులు అక్కకూ నాకూ కనబడేలా పెడుతున్నాను, సరేనా? ఇంకెవరైనా చూడాలా?" అని ఒక్క మాట అడగడానికి అర నిమిషం పట్టదు. అడగకుండా పెట్టేస్తే, ఆవిడ తర్వాతి రిపోర్టు మీకు చూపించకపోవచ్చు.

రెండో ఫోల్డరు మరీ సున్నితం. ఆస్తి కాగితాలు అన్నదమ్ముల్లో ఒకరికి కనబడి ఇంకొకరికి కనబడకపోతే, కాగితాల్లో ఏమీ లేకపోయినా అనుమానం పుడుతుంది. నాన్నగారు తన ఖాతాలోనే ఫోల్డరు పెట్టి, కొడుకులకూ కూతుళ్లకూ ఒకే రోజు, ఒకే హోదాతో చూపించడం అన్నిటికంటే మంచి పద్ధతి. ఇష్టం లేకపోతే ఎవరికీ చూపించనక్కర్లేదు, అదీ ఆయన నిర్ణయమే. అప్పుడు కనీసం కాగితాలు ఎక్కడున్నాయో ఒక చీటీ మీద రాసిపెట్టమనండి. స్కాన్ కాపీ అసలు దస్తావేజు స్థానంలో చెల్లదు. కానీ దాని మీదున్న దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు తెలిస్తే, అసలుది పోయినా సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

గూగుల్ డ్రైవ్‌లో ఎదుటివాళ్లకు మూడు హోదాలు ఇవ్వవచ్చు: వ్యూయర్ చూడగలరు, కామెంటర్ వ్యాఖ్య రాయగలరు, ఎడిటర్ మార్చగలరు. ఇంట్లో ఎక్కువమందికి వ్యూయర్ చాలు. ఎడిటర్‌గా ఒకరో ఇద్దరో ఉండాలి. ఎడిటర్ తలుచుకుంటే ఆ ఫోల్డరును ఇంకొకరికి కూడా చూపించగలరు. అది వద్దనుకుంటే షేరింగ్ సెట్టింగుల్లో ఆ వీలు తీసేయవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త లింకుతో. "ఎనీవన్ విత్ ద లింక్" అని పెడితే, ఆ లింకు దొరికిన ప్రతివాళ్లూ ఫైలు తెరవగలరు. మీరు బావగారికి పంపిన లింకు ఆయన ఏజెంటుకు పంపితే, ఏజెంటు ఇంకెవరికో పంపితే, మీ పాసుపుస్తకం ఎన్ని ఊళ్లు తిరిగిందో మీకు తెలియదు. "రిస్ట్రిక్టెడ్" అలాగే ఉంచి, చూడాల్సినవాళ్ల ఈమెయిళ్లు ఒక్కొక్కటిగా చేర్చండి. కాస్త శ్రమే, ఒక్కసారి పడితే చాలు.

ఫైలు ఎవరి పేరున ఉందో కూడా గమనించండి. షేర్ చేసిన ఫోల్డరులో ఉన్నా, పైకెక్కించినవాళ్లే దాని యజమాని, వాళ్ల చోటే ఖర్చవుతుంది. వాళ్లు డిలీట్ చేస్తే 30 రోజులు ట్రాష్‌లో ఉండి అందరికీ పోతుంది. పెళ్లి ఫోటోగ్రాఫర్ పంపిన డ్రైవ్ లింకు విషయంలో మోసపోయేది ఇక్కడే. ఆ ఫోటోలు ఆయన ఖాతాలో ఉన్నాయి, మీ దగ్గర ఉన్నది దారి మాత్రమే. ఆయన చోటు ఖాళీ చేసుకున్న రోజున మీ పెళ్లి ఆల్బమ్ ఖాళీ. లింకు అందిన వారంలోనే డౌన్‌లోడ్ చేసి ఒక హార్డ్‌డిస్కులోనూ, మీ సొంత ఖాతాలోనూ పెట్టుకోండి.

పేర్ల విషయం. "స్కాన్ 0047" అన్న ఫైలును రేపు మీరే గుర్తుపట్టలేరు. సంవత్సరం, నెల, తేదీ వరసలో ముందు రాసి, తర్వాత ఎవరిదో, ఏమిటో రాయండి: "2025-03-14 అమ్మ షుగర్ రిపోర్టు". ఈ వరసలో రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. ఫోన్‌తో ఫోటో తీసే బదులు డ్రైవ్ యాప్‌లోనే ఉన్న స్కాన్ వాడితే, అంచులు కత్తిరించి నీట్‌గా పీడీఎఫ్ చేసి ఇస్తుంది.

ఫోల్డరులో పెట్టకూడనివీ ఉన్నాయి. బ్యాంకు పాస్‌వర్డులు, ఏటీఎం, యూపీఐ పిన్‌లు, ఖాతా రికవరీ కోడ్‌లు ఏ షేర్డ్ ఫోల్డరులోనూ ఉండకూడదు. ఆధార్ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంది కదా అని ధీమా వద్దు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డు, మీ బంధువులందరికీ ఆ రెండూ తెలుసు. జిరాక్స్ షాపు నంబరుకు వాట్సాప్‌లో పంపిన ఆధార్ ఆ షాపు ఫోన్‌లోనే ఉండిపోతుంది. ప్రింటు చేతికి రాగానే మీ వైపు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కండి, అక్కడి కంప్యూటర్లోంచి కూడా తీసేయమని అడగండి. అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ, మార్కుల మెమోల్లాంటి వాటికి డిజిలాకర్ ఉంది. 2015లో వచ్చిన ఈ ప్రభుత్వ సేవలో, జారీ చేసిన సంస్థ నుంచి నేరుగా వచ్చిన పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన విలువ ఉంది. మీరు స్కాన్ చేసి ఎక్కించిన వాటికి ఆ విలువ లేదు. డిజిలాకర్ మాత్రం ఎవరిది వాళ్లే తెరుచుకోవాలి. ఇంటిల్లిపాదికీ ఒకటి కాదు.

ఫోటోలు పంచుకోవడం

ఫోటోల్లో రెండు దారులున్నాయి. పండగకో, పెళ్లికో ఒక షేర్డ్ ఆల్బమ్ పెడితే, వచ్చినవాళ్లంతా తాము తీసిన ఫోటోలు అందులో వేయవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు తగ్గినంతగా నాణ్యత ఇక్కడ తగ్గదు. రెండోది గూగుల్ ఫోటోస్‌లోని పార్ట్‌నర్ షేరింగ్. ఒక్క మనిషిని ఎంచుకుంటే మీ ఫోటోలు వాళ్లకు వాటంతట అవే చేరతాయి. అన్నీ పంపనక్కర్లేదు. పాప మొహం ఉన్నవి మాత్రమే, ఫలానా తేదీ తర్వాతవి మాత్రమే అని గీత గీయవచ్చు. భార్యాభర్తలకు ఇది ఎంతో సుఖం. అయితే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకోవాల్సిన సెట్టింగు ఇది, ఒకరి ఫోన్ తీసుకుని ఇంకొకరు పెట్టేసేది కాదు.

ఇక్కడ అందరూ ఒక్కసారైనా పడే గొయ్యి ఒకటుంది. బ్యాకప్ అయింది కదా అని గూగుల్ ఫోటోస్ యాప్‌లోనే ఫోటో డిలీట్ చేస్తే, క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. ఫోన్‌లో చోటు కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" వాడాలి. అది ఫోన్‌లోని కాపీని మాత్రమే తీసేస్తుంది. పొరపాటున తీసేసినా, బ్యాకప్ అయిన ఫోటోలు 60 రోజులు బిన్‌లో ఉంటాయి. ఈ తేడా ఇంట్లో పెద్దవాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పండి.

ఖాతా పంచుకోవద్దు

ఎన్నో ఇళ్లలో అమ్మ ఫోన్‌లోని జీమెయిల్ మొబైల్ షాపు కుర్రాడు తెరిచిందే. పాస్‌వర్డు అమ్మకు తెలియదు, అతనికి గుర్తులేదు. ఇంకొన్ని ఇళ్లలో కొడుకు తన జీమెయిలే నాన్న ఫోన్‌లోనూ పెట్టేస్తాడు, పని తొందరగా అయిపోతుందని. ఆ తర్వాత నాన్న పాలవాడి నంబరు కొడుకు కాంటాక్టుల్లో, కొడుకు ఆఫీసు స్క్రీన్‌షాట్లు నాన్న గ్యాలరీలో తేలతాయి. నాన్న చోటు లేదని నాలుగు వీడియోలు తీసేస్తే, అవి కొడుకు ఫోన్‌లోనూ మాయమవుతాయి. అన్నిటికంటే ప్రమాదం, నాన్నకు ఎవరో మోసగాడు ఫోన్ చేసి ఓటీపీ రాబడితే కొడుకు ఖాతా కూడా వాడి చేతికి పోతుంది.

అందుకే ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఖాతా. రికవరీ ఫోన్ నంబరుగా వాళ్ల నంబరు, రికవరీ ఈమెయిల్‌గా మీది పెట్టండి. పాత సిమ్ వదిలేసి కొత్త నంబరు తీసుకుంటే రికవరీ నంబరు ఆ రోజే మార్చండి. వాడకుండా వదిలేసిన నంబరు కొన్నాళ్లకు ఇంకెవరికో ఇచ్చేస్తారు. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, పాస్‌వర్డు ఒక డైరీలో రాయించి వాళ్ల బీరువాలోనే పెట్టించండి. రాసిపెట్టడం తప్పేమీ కాదు, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుకోవడం తప్పు.

పెద్దవాళ్లకు నేర్పేటప్పుడు ఫోన్ వాళ్ల చేతిలోంచి తీసుకోకండి. మీరు చెబుతూ ఉండండి, వేలు వాళ్లదే కదలనివ్వండి. "ఇలా ఇవ్వు, నేను చేసేస్తా" అన్న మాట ఆ రోజుకు పని ముగిస్తుంది, మర్నాటి నుంచి మళ్లీ మీ మీదే ఆధారపడేలా చేస్తుంది. ఒక పూటకు ఒక్క పనే నేర్పండి: ఈరోజు ఫోల్డరు తెరవడం, వచ్చే ఆదివారం స్కాన్ చేయడం.

మనం లేని రోజు కోసం

మాట్లాడటానికి ఇష్టపడం గానీ, చేయడానికి పది నిమిషాలు చాలని పని ఇది. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు 2013 నుంచీ ఉంది. ఖాతా ఎన్నాళ్లు వాడకపోతే నమ్మకస్తులకు కబురు పెట్టాలో (3, 6, 12 లేదా 18 నెలలు), వాళ్లకు ఏమేం ఇవ్వాలో మీరే చెప్పవచ్చు. పదిమంది దాకా పేర్లు ఇవ్వవచ్చు. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ ఉంది, అయిదుగురి వరకు పెట్టుకోవచ్చు. వాళ్ల దగ్గర యాక్సెస్ కీతో పాటు మరణ ధ్రువీకరణ పత్రం ఉంటే ఆ ఖాతాలోని ఫోటోలు, ఫైళ్లు అందుతాయి. ఇది చేయకపోతే ఏమవుతుందో తెలుసుకోండి: రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత గూగుల్ ఖాతాను, అందులోని ఫోటోలతో సహా, తీసేసే నియమం ఉంది. పెద్దవాళ్లతో ఈ మాట ఎత్తాలంటే ముందు మీ ఖాతాకు మీరు పెట్టుకుని చూపించండి. "నాన్నా, నాది నేను పెట్టేశాను, మీది కూడా పెడదామా?" అంటే అది అపశకునంలా వినిపించదు.

ఈ నెలలో చేయాల్సినవి

మొదటి ఆదివారం: ఇంట్లో ఎవరెవరికి సొంత ఖాతా ఉందో, పాస్‌వర్డు ఎవరికి తెలుసో రాయండి. లేనివాళ్లకు తెరవండి.

రెండో ఆదివారం: ఆరోగ్యం ఫోల్డరు ఒక్కటే పెట్టండి. పాలసీ కాపీ, మందుల చీటీ, డాక్టరు నంబరు, ఈ మూడు చాలు. ఎవరు చూడాలో అడిగి చేర్చండి.

మూడో ఆదివారం: పాత లింకులు చూడండి. "ఎనీవన్" అని ఉన్నవన్నీ "రిస్ట్రిక్టెడ్" చేయండి. వెళ్లిపోయిన ఏజెంటు, పని ముగిసిన ఆడిటర్ ఇంకా లిస్టులో ఉంటే తీసేయండి.

నాలుగో ఆదివారం: మీరు నోరు మెదపకుండా కూర్చోండి. ఇంట్లో ఫోన్ తక్కువగా వాడేవాళ్లను, తమ ఫోన్‌లోంచే పాలసీ కాపీ తెరిచి చూపించమనండి. రెండు నిమిషాల్లో దొరికితే మీ ఏర్పాటు పనిచేసినట్టే. దొరకకపోతే తప్పు వాళ్లది కాదు, ఫోల్డరుది. పేరు మార్చండి, దాని షార్ట్‌కట్ ఫోన్ మొదటి స్క్రీన్ మీదికి తెండి, వచ్చే ఆదివారం మళ్లీ వాళ్లనే అడగండి.